ఫోను బీడీలు చుట్టిన రోజులు

ఇది నేను ఇంతకు ముందే రాయాల్సింది. తీరిక లేకనో, మొహమాటం వల్లనో ఆగలేదు. నాకు అప్పట్లో రాయడం రాదు, అంతే. బీడీలు చుట్టడం మానేసి, పింఛను కార్డు చేతికి వచ్చాక, అరవై దాటిన తరువాత అక్షరాలు నేర్చుకున్నాను. అంతవరకు నా వేళ్ళకు తెలిసిన వంకరలన్నీ తునికాకు వంకరలే. మా ఇంట్లో మగపిల్లలను బడికి పంపారు, ఆడపిల్లల ఒళ్ళో చాట పెట్టారు. దాని గురించి ఏడ్చే వయసు ఎప్పుడో దాటింది కాబట్టి ముందుకు పోదాం.

రాయడం వచ్చాక కూడా వెంటనే కాగితం పట్టలేదు. ఇందులో నేను గాక ముగ్గురున్నారు. ముగ్గురినీ అడిగాను. రాసుకో, పేర్లు మాత్రం పెట్టకు అన్నారు. మనిషి సంగతి నలుగురిలో పెట్టేముందు ఆ మనిషిని ఒక మాట అడగాలన్న మర్యాద పెద్ద పెద్ద కంపెనీలకే లేదని మీ వయసు వాళ్ళు అంటుంటే విన్నాను. నేను ఏ కంపెనీనీ కాదు గనక అడిగాను.

మాది తంగళ్ళపల్లి. మానేరు మీద వంతెన దాటితే సిరిసిల్ల. మా వీధిలో మగవాళ్ళు సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, బట్ట నేస్తారు, ఆడవాళ్ళం బీడీలు చుడతాం. ఎవరింట్లో వాళ్ళు చుట్టుకోవచ్చు గాని, ఒంటరిగా చుడితే చేతులు సాగవు. అందుకని మా ఇంటి ముందు రేకుల కింద అందరం చాటలు పెట్టుకొని కూర్చునేవాళ్ళం. ఆకు కత్తిరించాలి, తంబాకు పోయాలి, చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. ఈ పనికి కళ్ళు అక్కర్లేదు, చేతులు చాలు. నోరు మొత్తం ఖాళీ. వీధిలో ఏ ఇంట్లో ఏం జరిగినా ముందు మా రేకుల కిందికి వచ్చి, ఆ తరువాతే ఆ ఇంటివాళ్ళకు తెలిసేది. ఇప్పుడు మీరు ఫోన్లలో పెట్టుకున్న గ్రూపులు మాకు కొత్త కాదు.

నా పక్క చాట అక్కది. తోడబుట్టిన అక్క కాదు. పెళ్ళయి ఈ ఊరికి వచ్చిన నాటి నుంచి పక్కపక్కన కూర్చొని చుట్టీ చుట్టీ అక్కాచెల్లెళ్ళం అయ్యాం. ఆమెకు ఒక్కడే కొడుకు. సాంచాల మీద పని తగ్గిపోయిన రోజుల్లో జగిత్యాలలో ఒక ఏజెంటును పట్టుకొని దుబాయి పోయాడు. మా దగ్గర గల్ఫులో ఏ దేశానికి పోయినా దుబాయే. పెద్ద సూపర్ మార్కెట్ ఆఫీసులో, ఏసీ కింద పని అన్నాడు. అతని భార్యది కోరుట్ల. తల్లిగారింట్లో పది దాకా చదివింది. జాకెట్లు, లంగాలు కుట్టడం తెలుసు. ఇక్కడికి వచ్చాక అందరిలాగే ఆమె ఒళ్ళోనూ చాట పడింది. కాని ఆ పిల్లకు తంబాకు పడదు. చాట ముందు కూర్చుంటే చాలు, తుమ్ములు మొదలు. తుమ్మినప్పుడల్లా చాటలో తంబాకు ఎగిరి మా అందరి మొహాల మీద పడేది.

"నీ తుమ్ముకు మా సగం తంబాకు వాగుల కలుస్తాంది కోడలా!" అనేది అక్క.

"నేను తుమ్ముతలేనత్తా, అదే నన్ను తుమ్మిపిస్తాంది," అనేది ఆ పిల్ల.

కొడుకు కిందటిసారి సెలవుకు వచ్చినప్పుడు భార్యకు కొత్త ఫోను తెచ్చాడు. తెచ్చి, ఒక పొద్దంతా కూర్చొని, రెండు ఫోన్లకూ తన ఖాతానే పెట్టాడు. ఒకటే పాస్‌వర్డ్ అయితే మరిచిపోం అన్నాడు. ఆలుమగలు ఒక దుప్పటి కప్పుకున్నట్టు ఒక ఖాతా కప్పుకున్నారులే అనుకున్నాం. దుప్పటి ఎవరి వైపు గుంజుకుపోయిందో అతను తిరిగి విమానం ఎక్కాక తెలిసింది.

ఒకరోజు అత్తాకోడళ్ళు అక్క పంటినొప్పికని సిరిసిల్ల బయలుదేరారు. ఆటో ఇంకా వంతెన మీద ఉండగానే ఫోను.

"అవ్వా, సిరిసిల్ల ఎందుకు పోతాన్రు?"

మా అక్క ఆటోలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసిందట, ఎవడు వెంబడి వస్తున్నాడోనని.

"నీకెట్ల ఎరుక రా?"

"మ్యాపుల కనబడతాంది. ఫోన్ ఎటు పోతే గటు నీలం చుక్క పోతది. మీరు తప్పిపోతే దొరకాలని పెట్టిన."

"నలభై ఏండ్ల సంది గీ వంతెన మీద తిరుగుతున్న. తప్పిపోయేదుంటే నువ్వు పుట్టకముందే తప్పిపోదును గదరా!"

అతను నవ్వాడు గాని చుక్క మాత్రం తీయలేదు. ఆ పిల్ల ఒకసారి ఆపి చూసింది. ఆపిన కాసేపటికే ఫోను మోగింది: "ఎందుకు బందువెట్టినవ్?" దాంతో మళ్ళీ పెట్టేసింది.

ఆ రోజుల్లోనే సిరిసిల్లలో ఒక బట్టలు కుట్టే షెడ్డువాళ్ళు ఆడవాళ్ళకు మిషను పని నేర్పిస్తామన్నారు. కొన్ని వారాలు నేర్పి, చివర ఒకరోజు పరీక్షలాగా కుట్టించి, చేయి కుదిరిన వాళ్ళను పనిలోకి తీసుకుంటారు. మళ్ళీ ఎప్పుడు తీసుకుంటారో ఎవరికీ తెలియదు. ఆ మాట విన్న రోజు కోడలు తుమ్మలేదు. చేతిలో కత్తెర పట్టుకొని అలాగే కూర్చుంది.

కొడుకును అడిగారు. వద్దన్నాడు. అక్కడ తన రూములో వాళ్ళు ఏమంటారో అన్నాడు, వంతెన దాటి రోజూ పోవడమేంది అన్నాడు. అక్క గట్టిగా మాట్లాడబోతే అతని దగ్గరున్న పాత ఆయుధం తీశాడు.

"గట్లయితే నేను అన్నం ముట్ట."

చిన్నప్పటి నుంచి అంతే. గాలిపటం కొనివ్వకపోతే అన్నం ముట్టడు. బడికి పొమ్మంటే అన్నం ముట్టడు. సముద్రం అవతల నుంచి చెప్పినా మా అక్క కడుపులో అది అలాగే దిగుతుంది. రెండు రోజులు ఆమె కూడా సరిగ్గా తినలేదు. మూడో రోజు చాట ముందు కూర్చొని, దారం పళ్ళతో తెంపి, నన్ను అడిగింది.

"చెల్లె, వాడు సూసేది పిల్లనా, ఫోన్‌నా?"

"ఫోన్‌నే."

"అయితె ఫోన్ ఈడ్నే ఉంటది. పిల్ల పోతది."

ఇంత పెద్ద కంపెనీలు, ఆకాశంలో తిరిగే యంత్రాలు, అన్నీ కలిసి చేసిన ఏర్పాటును మా అక్క ఒక్క మాటతో తేల్చేసింది. అలా ఆ ఫోను మా రేకుల కింద పనిలో చేరింది.

దానికి వేరే చాట వేశాం. ఎండ పడకుండా తడి ఆకు కప్పే గోనె మీద పడుకోబెట్టాం. కోడలి వంతు బీడీలు మేమే తలా కొన్ని చుట్టి ఆమె బీడీ కార్డు మీద వేసేవాళ్ళం. సాయంత్రం కట్టలు అప్పజెప్పడానికి బీడీ కంపెనీకి పోతే, ఆ పిల్ల పోయినట్టు కనబడాలి గనక ఫోను కూడా రావాలి. అక్క దాన్ని కొంగులో ముడివేసుకొని వచ్చేది. ఎవరైనా చూస్తే దాని పేరు మీదే బీడీలు అప్పజెబుతున్నామనుకునేవారు. పగలు దుకాణానికి పోతే ఫోను వచ్చేది, నీళ్ళ బిందె నింపడానికి పోతే ఫోను వచ్చేది. పొద్దంతా ఒక్కచోట కదలకుండా ఉంటే వాడికి అనుమానం వస్తుందని అక్క భయం. ఒకసారి మధ్యాహ్నం కునుకు తీసి లేచి, "అయ్యో, ఫోన్ పొద్దటి సంది లేవనే లేదు," అని దాన్ని పట్టుకొని వీధి చివరిదాకా నడిపించి తెచ్చింది.

చుక్కను నడిపించడం తేలికే. మాట్లాడించడమే కష్టం. అతను మధ్యాహ్నం పూట ఫోను చేసేవాడు.

"అవ్వా, ఆమెకియ్యి."

"బట్టలు పిండుతాంది రా."

మరుసటి రోజు అదే మాట. ఆ తరువాతి రోజూ అదే.

"గీమె రోజు ఎవలి బట్టలు పిండుతాందవ్వా? తంగళ్ళపల్లి మొత్తానివా?"

దాంతో మేం కారణాలు పంచుకున్నాం. ఒకరోజు పిండి గిర్నీకి పోయింది. ఒకరోజు తలస్నానం చేస్తోంది. ఒకరోజు నా వంతు వచ్చి, నిద్రపోతోంది అన్నాను. "పగటి పూట పండుకుంటాందా? పానం బాగలేదా?" అని అతను కంగారు పడితే, మా అక్క నా చేతిలోంచి ఫోను లాక్కొని, "ఏం లేదు, మీ చిన్నమ్మకు కండ్లు సరిగ కనవడయి," అంది.

కోడలిని ఇవ్వలేకపోయాం గనక మేమే మాట్లాడేవాళ్ళం. అతను కూడా పెట్టేసేవాడు కాదు. ఏం కూర వండారు, వాన పడిందా, ఫలానా వాళ్ళ సాంచాలు నడుస్తున్నాయా, అన్నీ అడిగేవాడు. వీడియోలో అతని వెనక ఎప్పుడూ ఒకటే నీలం పరదా. ఒకసారి ఆ పరదా అవతల నుంచి మేక అరిచింది.

"ఆఫీసుల మేక ఏందిరా?" అంది అక్క.

"అది... దోస్తుగాని ఫోన్ మోగిందవ్వా. గదే రింగ్‌టోన్."

"మంచిగ లేదు. మార్చుకొమ్మను."

ఈలోగా మేం ఆ ఫోనుతో మాట్లాడటం మరిగాం. దాని మీద ఒక బొమ్మ నొక్కి ఏదైనా అడిగితే అది జవాబు చెబుతుంది. మాకెవరికీ చదువు లేదు గనక అది మాకు బాగా నచ్చింది. కాని మా మాట దానికి తెలియదు. "మోకాళ్ళు గుంజుతున్నయ్, ఏం రాసుకోవాలె?" అని అక్క అడిగితే, "క్షమించండి, నాకు అర్థం కాలేదు" అనేది. అక్క గొంతు సవరించుకొని, నిటారుగా కూర్చొని, రేడియోలో వార్తలు చదివినట్టు అడిగింది: "మోకాళ్ళ నొప్పులు తగ్గుటకు ఏమి చేయవలెను?" అప్పుడు చెప్పింది. ఆ రోజు నుంచి మేమంతా మాలో మేం ఒక భాష, ఫోనుతో ఒక భాష. మోకాళ్ళు, కట్టుడు పళ్ళు, మలబద్ధకం, తెల్లవెంట్రుకలు, ఎవరికి ఏది ఉంటే అది అడిగాం. మనుషులను అడగలేనివి కూడా అడిగాం. ఎవరు వింటారులే అనుకున్నాం.

కొన్నాళ్ళకు అతను ఫోనులో మెల్లగా అడిగాడు.

"అవ్వా, నీకు మోకాళ్ళు నొస్తున్నయా?"

అక్క చేతిలో బీడీ ఆగిపోయింది. కొడుకు బెంగపడతాడని ఆ నొప్పి సంగతి ఎన్నడూ చెప్పలేదు.

"నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలు జెప్పలే. నా ఫోన్ తెరిస్తే చాలు, మోకాళ్ళ నూనెలు, మోకాళ్ళ పట్టీలు. కట్టుడు పండ్లు. ఇంకోటి... చిన్నమ్మకు మలబద్ధకమా?"

నేను చాట వదిలేసి ఇంట్లోకి పోయాను.

ఆ సాయంత్రం కంపెనీ నుంచి వస్తూ మొబైల్ దుకాణంలో అడిగాం. దుకాణం అతను ఫోను తెరిచి ముందు తుమ్మాడు. లోపలంతా తంబాకు పొడి. దులిపి, సంగతి చెప్పాడు. ఖాతా ఒకటే గనక ఈ ఫోనులో అడిగినవన్నీ ఆ ఖాతా లెక్కలోకే పోతాయట. ఇక్కడ మోకాలు నొస్తే అక్కడ నూనె కనబడుతుంది.

"మా పోరనికి తెల్వకుంట ఆ చుక్కొక్కటి ఆపరాదు?" అంది అక్క.

"ఆపుత. ఆపినట్టు ఆయినకు తెలుస్తదవ్వా. ఆయిన కన్ను గప్పినా కంపెనీ కన్ను మూతవడది. గా మ్యాపు కంపెనీకి అన్ని కనబడుతయ్. మీరేడ ఉన్నరు, ఏం అడుగుతున్నరు, అన్ని."

"వాడు నా కొడుకు, సూస్తే సూసిండు. గా కంపెనోడు మాకేమైతడు?"

"నీకు వాడేం గాడు. వానికే నువ్వు మస్తు అక్కరకొస్తవ్."

"మేం బీడీలు చుట్టేటోళ్ళం. మాతోటి వానికేం అక్కర?"

"మోకాళ్ళ నూనె కొంటవు గద."

అక్క ఫోనును మళ్ళీ కొంగులో ముడివేసుకొని నడిచింది. దారిలో ఒకే మాట అంది: "సూసేటోనికి మొకమన్న ఉండాలె చెల్లె. వీనికి మొకమే లేకపాయె, ఎవన్ని తిట్టాలె?" ఇన్నేళ్ళ తరువాత, మీరు చదివే పెద్ద పెద్ద వ్యాసాలు కూడబలుక్కొని నేనూ చదువుతున్నాను. వాటిలో ఇంతకన్నా ఎక్కువ ఏమీ దొరకలేదు నాకు.

పరీక్ష రోజు వచ్చింది. పొద్దున్నే కోడలు స్నానం చేసి, మా అందరి కాళ్ళకూ మొక్కింది. ఫోను అక్క చేతికిచ్చి, "అత్తా, ఇయ్యాల ఒక్కరోజు పైలం. దీన్ని ఇడిసిపెట్టకు," అని వంతెన దాటిపోయింది.

ఆ పిల్ల పోయాక రేకుల కింద ఎవరి చేయీ ఆడలేదు. అక్క చుట్టిన బీడీ చుట్టినట్టే విప్పుకుపోతోంది. చివరికి లేచి చాట పక్కన పెట్టింది.

"నేను పోయి గేటు కాడ కూసుంట. లోపట పిల్ల ఎట్లున్నదో ఏమో. నువ్వు గూడ రా."

ఇద్దరం ఆటో ఎక్కాం. షెడ్డు గేటు ఎదురుగా చాయ్ కొట్టు ఉంది. కావలి అతను లోపలికి రానివ్వలేదు. మిషన్లు నడిచే చప్పుడు మాత్రం బయటికి వినబడుతోంది. బల్ల మీద కూర్చొని, ఆ చప్పుడులో మా కోడలి మిషను ఏదో గుర్తు పడుతున్నట్టు అక్క తల పక్కకు వంచి వింటోంది. చాయ్ వచ్చింది. సరిగ్గా అప్పుడే అక్క కొంగులో ఫోను మోగింది.

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. విడిచిపెట్టకు అని కోడలు చెప్పింది, అక్క విడిచిపెట్టలేదు. ఇన్ని రోజులు దుకాణానికి, నీళ్ళకు, కంపెనీకి కొంగులో కట్టుకొని తిప్పిన అలవాటు. ఏ చోటుకైతే అది రాకూడదని ఇంత తంటాలు పడ్డామో, ముడి వేసి జాగ్రత్తగా అక్కడికే తెచ్చాం.

"అవ్వా, వంతెన ఎందుకు దాటిన్రు?"

"గుడికి."

"ఏం గుడి? మ్యాపుల బట్టల షెడ్డు అని ఉన్నది."

"షెడ్డు పక్కకే."

"పక్కకు గుడి లేదవ్వా."

"మ్యాపుల లేకుంటే గుడి లేనట్టేనా రా? దేవుడు మ్యాపోనికి చెప్పి ఎలుస్తడా?"

అతను నవ్వలేదు. "ఆమెకియ్యి ఫోన్," అన్నాడు. అక్క నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. అబద్ధాలు చెప్పడానికి కూడా కొంచెం నీడ కావాలి. ఆ నడిఎండలో, గేటు ఎదురుగా, ఒక్కటీ నోటికి రాలేదు. అక్క మొత్తం చెప్పేసింది. ఫోను బీడీలు చుట్టడం, కోడలు మిషను కుట్టడం, బట్టలు పిండడం, గిర్నీ, అన్నీ.

అతను అంతా విన్నాడు. తరువాత వచ్చింది పాత ఆయుధం.

"ఆమెను ఇప్పుడే ఇంటికి తోల్కపో. లేకుంటే నేను అన్నం ముట్ట. ఇయ్యాల కాదు, ఎన్నడూ."

మా అక్క లేచింది. నిజంగానే లేచింది. ఇన్ని వారాలు ఇంత ఉపాయం నడిపిన మనిషి, ఆ ఒక్క మాటకు చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి, కోడలిని బయటికి పిలవడానికి గేటు వైపు నడిచింది. నేను ఆమె కొంగు పట్టుకున్నాను. కొంగు విడిపించుకొని ఆమె ముందుకు పోయింది, ఫోను మాత్రం నా చేతికి వచ్చింది.

"కొడుకా, నేను మీ చిన్నమ్మను. ఒక్క మాటడుగుత, చెప్పు. ఆ పిల్ల ఏడున్నదో నీకు ఏడాది సంది కనబడుతాంది. నువ్వేడున్నవో మాకెన్నడన్న కనబడ్డదా?"

"ఆఫీసుల ఉన్న చిన్నమ్మా."

మేక అరిచింది. ఒకటి కాదు. ఒకటి అరిచేసరికి మిగతావన్నీ అందుకున్నాయి.

"దోస్తులందరి ఫోన్లు ఒక్కసారే మోగినయా?" అన్నాను. "ఫోన్ జర అటు తిప్పు."

తిప్పడేమో అనుకున్నాను. తిప్పాడు. పరదా తొలగింది. రేకుల కొట్టం, తడికె, అవతల కంటికి ఆనినంత మేర ఇసుక. ఆ ఇసుక నిండా మేకలు. సూపర్ మార్కెట్ లేదు, ఏసీ లేదు. ఏజెంటు చెప్పింది ఒకటి, అక్కడ దించింది ఒకటి. సిగ్గుతో చెప్పలేదట.

గేటు దాకా పోయిన అక్క వెనక్కి వచ్చి నా భుజం మీదుగా చూసింది. అరుస్తుందో, ఏడుస్తుందో అనుకున్నాను. చాలాసేపు చూసి, మెల్లగా అంది:

"నువ్వు చిన్నగున్నప్పుడు మేకను జూస్తె నా సంకెక్కేటోనివి గదరా?"

అతను నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో విరిగిపోయింది. తల పక్కకు తిప్పుకొని మొహం తుడుచుకున్నాడు.

"ఈడ మాట్లాడెతందుకు మనిషి లేడవ్వా. పొద్దంతా గా చుక్కనే సూసుకుంట కూసుంట. అది బీడీల కంపెనీకి పోతది, ఇంటికొస్తది. ఇల్లు కండ్లవడ్డట్టు ఉంటది."

అతను ఇన్నాళ్ళూ చూసుకుంటూ కూర్చున్నది తల్లి కొంగు ముడిని.

మిషన్ల చప్పుడు ఆగింది. కోడలు బయటికి వచ్చింది. తల నిండా దారం పోగులు. మమ్మల్ని చూసి నవ్వబోయి, నా చేతిలో ఫోను చూసి ఆగిపోయింది. నేను మాట్లాడకుండా దాన్ని ఆమె వైపు తిప్పాను. మేకలను చూసింది, ఇసుకను చూసింది, భర్తను చూసింది. చాయ్ కొట్టువాడితో సహా అందరం ఆమె ఏమంటుందోనని చూస్తున్నాం.

"గంత ఎండల నెత్తికి రుమాలు కట్టుకోవా?" అంది ముందు.

అతను గబగబా ఏదో గుడ్డ తీసి తలకు చుట్టుకున్నాడు.

"నా మీద కోపమొచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది. మేకల సంగతి దాచినందుకు కాదు. సిగ్గుపడ్డవు, దాచినవ్. నన్ను చూడబుద్ధయితే నన్ను చూడు, మాట్లాడు. చుక్కను సూసుడేంది? నేను చుక్కనా?"

"కాదు."

"రేపటి సంది పనికి రమ్మన్నరు. పోతున్న. నిన్ను అడుగుతలేను, చెప్తున్న."

అతనికన్నా ముందే మేకలు వాటి అభిప్రాయం చెబుతున్నాయి. అక్క నా చెయ్యి పట్టుకుంది. నాకు తెలుసు, ఆమె ఆ ఒక్క మాటకే భయపడుతోంది. కోడలికీ తెలుసు. అందుకే ముందు తనే అడిగింది.

"అన్నం తిన్నవా?"

"లేదు."

"తిను. నేను తీరుబాటుగ కూసుంట. నువ్వు తినేదాక ఫోన్ వెట్ట."

అక్కడే, ఆ బల్ల మీదే కూర్చుంది. అతను గిన్నె తెచ్చుకొని, కొట్టం నీడలో కూర్చొని తిన్నాడు. చెయ్యి కడుక్కొని వచ్చాడు. అప్పుడు, "ఫోన్ నీతోటే తీసుకపో రేపు," అన్నాడు. అనుమానమో, ప్రేమో, ఓటమో, అప్పుడూ తేల్చుకోలేకపోయాను, ఇప్పుడూ తేల్చుకోలేను.

"లోపటికి ఫోన్ రానియ్యరు," అంది కోడలు. "అత్త కాడ ఉంటది. ఆమెతోటి మాట్లాడు. చుక్క మాత్రం తీసేస్తున్న, ఇప్పుడే, నీ ముందట్నే."

నొక్కింది. కాని అది ఊరికే ఆగలేదు. నిజంగా ఆపాలా అని అడిగింది. ఆపితే ఇవి రావు, అవి రావు అని భయపెట్టింది. పోనీ కొంచెంసేపే ఆపుకోమని బతిమాలింది. కోడలు ఒక్కొక్కటీ చదివి వినిపిస్తుంటే అక్క ఆశ్చర్యపోయింది.

"మా వోడు ఒక్కసారి అన్నం ముట్టనన్నడు. ఇది వాన్ని మించిందేందే!"

అవతల అతను కూడా నవ్వాడు. చివరికి ఆగింది. ఆ పిల్ల అక్కడితో వదలలేదు. మొబైల్ దుకాణానికి తీసుకుపోయి, తన పేరు మీద వేరే ఖాతా తెరిపించింది. కంపెనీ కన్ను మూతపడదని దుకాణం అతను మళ్ళీ చెప్పాడు. "తెలుసన్నా. ఇంట్లోది ముందు మూసుకున్నం, దాని సంగతి మల్ల సూద్దాం," అంది.

మీలో చాలామంది మాకన్నా చదువుకున్నవాళ్ళు. ఆ కంపెనీ కన్ను సంగతి మీరే చూడాలి. అది మా వల్ల కాలేదు.

మరునాడు పొద్దున కోడలు టిఫిను డబ్బా పట్టుకొని వంతెన వైపు పోయింది. మేం చాటలు ముందు పెట్టుకున్నాం. ఇంకా ఆకు కూడా తడపలేదు, ఫోను మోగింది. అక్క ఉలిక్కిపడింది. అతని వెనక పరదా లేదు. తలకు రుమాలుంది. కోడలు ఏదని అడగలేదు.

"అవ్వా, ఒక మేకకు కడుపుబ్బింది. నిలబడతలేదు. ఏం తాపాలె?"

మా అక్క నా వైపు చూసింది. నేసేవాళ్ళ ఇళ్ళలో పుట్టి నేసేవాళ్ళ ఇళ్ళలో మెట్టినవాళ్ళం, మేకకు ముందేదో వెనకేదో తెలిస్తే గొప్ప. ఎవరో గొంతు సవరించుకొని, ఫోనునే అడుగుదామా అన్నారు.

"వద్దు," అన్నాను. "వాని చేతుల గూడ ఫోన్ ఉన్నది. వాడు మనల్ని అడిగిండు."

చాట పక్కన పెట్టి లేచాను. ఊరి చివర గొర్లు, మేకలు కాసే ముసలాయన ఉన్నాడు. ఎండ ఎక్కితే మందతో బయటికి పోతాడు, మళ్ళీ దొరకడు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగులాంటి నడకతో పోయాను. ఆయన అప్పుడే దొడ్డి తడికె తీస్తున్నాడు. ఆయాసపడుతూ సంగతి చెప్పాను.

"మేకలా?" అన్నాడు నన్ను ఎగాదిగా చూసి. "మీకేడియే మేకలు?"

"దుబాయిల ఉన్నయ్," అన్నాను.